√25 విలువ ఒక్కటే, య² = 25 కు జవాబులు రెండు: ఎందుకు?

పదో తరగతి చదువుతున్న మీ అమ్మాయి √25 = ±5 అని రాస్తే తప్పు కొట్టారు. అదే పేపర్లో ఇంకో చోట య² = 25 అనే సమీకరణానికి య = 5 అని ఒక్కటే రాస్తే సగం మార్కులు తగ్గించారు. రెండూ ఒకటే లెక్క కదా, ఒక చోట రెండు విలువలు ఎక్కువైతే మరో చోట ఒక్క విలువ ఎలా తక్కువైంది అని మీరు అడిగారు. దానితో పాటు, ఋణ విలువను ఎప్పుడు ఉంచాలో ఎప్పుడు తీసేయాలో ఎలా తెలుస్తుందనీ అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు చిన్నది. రెండోది చాలా మంచి ప్రశ్న. దాన్ని బళ్లలో ఒక్క వాక్యంలో దాటేస్తారు కాబట్టి కాస్త తీరిగ్గా రాస్తాను.

తెలియని సంఖ్యకు ఇక్కడ ‘య’ అని రాస్తున్నాను. మన పాత బీజగణితంలో తెలియని రాశిని యావత్తావత్ అనేవారు, కుదించి ‘యా’ అని గుర్తు వేసేవారు. ఆ అలవాటునే కొంచెం మార్చి వాడుకుంటున్నాను.

ముందుగా ఒక మాట. పేపరు దిద్దినవారు రెండు చోట్లా సరిగ్గానే దిద్దారు.

య² = 25 అనేది ఒక ప్రశ్న. ఏ సంఖ్యను దానితోనే గుణిస్తే 25 వస్తుంది అని అడుగుతోంది. ఐదైదులు ఇరవై అయిదు. మైనస్ అయిదును మైనస్ అయిదుతో గుణించినా ఇరవై అయిదే. కాబట్టి ఆ ప్రశ్నకు రెండు జవాబులు ఉన్నాయి, ఒక్కటే చెబితే సగమే చెప్పినట్టు. √25 అలాంటి ప్రశ్న కాదు. అది ఒక సంఖ్యకు పెట్టుకున్న గుర్తు. 25 కు ఉన్న రెండు వర్గమూలాల్లో ధనాత్మకమైన దాన్ని మాత్రమే √25 అని రాయాలని గణితంలో అందరూ ఒప్పుకున్నారు. రెండోది కావాలంటే −√25 అని రాస్తాం. రెండూ కావాలంటే ±√25 అని రాస్తాం. ‘25 యొక్క వర్గమూలాలు ఏవి?’ అని అడిగితే 5, −5 అని రెండూ చెప్పాలి. ‘√25 ఎంత?’ అని అడిగితే 5 అని మాత్రమే చెప్పాలి. సున్నాకు ఈ గొడవ లేదు, దాని మూలం సున్నా ఒక్కటే.

ఇది ఎవరో పెట్టిన కట్టుబాటే కదా, √25 కు రెండు విలువలూ ఉన్నాయని ఒప్పుకుంటే ఏం పోతుంది అని పిల్లలు అడుగుతారు. అడగాలి కూడా. ఏం పోతుందో చూడండి. √2 + √3 అనే మొత్తాన్ని తీసుకోండి. ఒక్కొక్క గుర్తుకు రెండేసి విలువలుంటే ఈ మొత్తానికి నాలుగు విలువలు వస్తాయి. √2 + √3 + √5 కు ఎనిమిది. √2 + √2 సంగతి ఇంకా ఘోరం. మొదటి √2 ను ధనంగా, రెండోదాన్ని ఋణంగా తీసుకుంటే సున్నా వస్తుంది, రెండింటినీ ధనంగా తీసుకుంటే 2√2 వస్తుంది. ఒకే గుర్తు ఒకే వరుసలో రెండు సార్లు కనిపించినప్పుడు రెండు చోట్లా అదే సంఖ్య అని నమ్మలేకపోతే బీజగణితంలో ఒక్క అడుగు కూడా వేయలేం. √2 ను సంఖ్యారేఖ మీద గుర్తించమని తొమ్మిదో తరగతిలోనే అడుగుతారు. అది ఒక్క బిందువు కాకపోతే ఎక్కడ గుర్తించాలి?

దీనికి మీ అమ్మాయి పుస్తకంలోనే ఒక సాక్ష్యం ఉంది. క·య² + గ·య + చ = 0 అనే వర్గ సమీకరణానికి సూత్రం ఇది:

య = (−గ ± √(గ² − 4కచ)) / 2క

ఇందులో √ ముందు ± అని ప్రత్యేకంగా ఎందుకు రాశారు? √ గుర్తులోనే రెండు విలువలూ ఉంటే ఆ ± కు పనే లేదు. గుర్తు ఒక్క విలువనే ఇస్తుంది కాబట్టే రెండోదాన్ని మనం చేత్తో చేర్చాల్సి వచ్చింది. నా తరగతిలో ఎవరైనా √25 = ±5 అని పట్టుబడితే ఈ సూత్రాన్నే బోర్డు మీద రాసి, ± ఎందుకుందో చెప్పమని అడిగేవాణ్ణి. అక్కడితో చాలామందికి విషయం తెలిసిపోయేది. చరిత్రలో కూడా ఈ రెండు గుర్తులు వేర్వేరుగానే పుట్టాయి. √ గుర్తును జర్మన్ గణితజ్ఞుడు క్రిస్టఫ్ రుడాల్ఫ్ 1525లో అచ్చులోకి తెచ్చాడు. దాని తల మీద సాగే అడ్డగీతను 1637లో దెకార్త్ చేర్చాడు. ± గుర్తును ఇంగ్లండుకు చెందిన విలియం ఆట్రెడ్ 1631లో వాడాడు.

సరే, ఒక్కదాన్నే ఎంచుకోవాలి. ధనాన్నే ఎందుకు ఎంచుకోవాలి? ఋణాన్ని ఎంచుకుంటే ఏమవుతుంది? దీన్ని ఎవరూ అడగరు, కానీ అడిగి చూడటం మంచిది. √4 అంటే −2, √9 అంటే −3, √36 అంటే −6 అని పెట్టుకుందాం. ఇప్పుడు √4 × √9 = (−2) × (−3) = 6. కానీ √36 మాత్రం −6. అంటే √క × √గ = √(కగ) అనే నియమం కూలిపోయింది. ధనాన్ని ఎంచుకుంటే 2 × 3 = 6, √36 = 6, నియమం నిలబడుతుంది. రెండు ధన సంఖ్యల లబ్ధం మళ్లీ ధన సంఖ్యే అవుతుంది, రెండు ఋణ సంఖ్యల లబ్ధం మాత్రం ఋణం కాదు. ఎంపికలో ఉన్న కారణం అదే. ఇది పెద్దలు పెట్టారు కాబట్టి పాటించే ఆచారం కాదు, గుణకారంతో పొసిగే ఎంపిక ఇదొక్కటే.

నిజానికి పిల్లలు మార్కులు పోగొట్టుకునేది √25 దగ్గర కాదు, √(య²) దగ్గర. దీనికి చాలామంది కళ్లు మూసుకుని య అని రాసేస్తారు. య ధనమైతే అది సరే. య = −7 అయితే య² = 49, √49 = 7. వచ్చింది −7 కాదు. అంటే √(య²) = |య|, అంటే య యొక్క పరమ మూల్యం, ఋణ గుర్తు ఉంటే దాన్ని తీసేసి చూసే విలువ. ఈ ఒక్క వరుసను గోడ మీద రాసుకున్నా తప్పులేదు. ఇంటర్‌లోనూ ప్రవేశ పరీక్షల్లోనూ దీని చుట్టూ ఎన్ని ప్రశ్నలు తిప్పుతారో చెప్పలేను. √(7 − 4√3) ను సూక్ష్మీకరించమంటారు. 7 − 4√3 అనేది (2 − √3)² కు సమానం, (√3 − 2)² కు కూడా సమానం. రెండింట్లో జవాబు ఏది? √3 సుమారు 1.732 కాబట్టి 2 − √3 ధనం, అదే జవాబు. √3 − 2 అని రాసినవారు వర్గాన్ని సరిగ్గా పట్టుకుని కూడా జవాబు దగ్గర తప్పుతారు. అవధుల్లోనూ (లిమిట్స్) ఇదే కథ. య ఋణ దిశలో అనంతంగా పోతున్నప్పుడు √(4య² + 1) / య అవధి 2 కాదు, −2. పైన ఉన్న మూలం ఎప్పుడూ ధనం, కింద ఉన్న య ఋణం.

4 = 5 అని ‘నిరూపించే’ పాత లెక్క ఒకటి మీరు వినే ఉంటారు. 16 − 36 = 25 − 45, రెండు వైపులా −20 కాబట్టి ఇది నిజమే. రెండు వైపులా 81/4 కలుపుతారు. ఎడమ వైపు (4 − 9/2)² అవుతుంది, కుడి వైపు (5 − 9/2)² అవుతుంది. ఇదీ నిజమే. ఇప్పుడు ‘వర్గాలు కొట్టేసి’ 4 − 9/2 = 5 − 9/2 అంటారు, దాంతో 4 = 5 అయిపోతుంది. ఎక్కడ తప్పారు? ఎడమ వైపు లోపల ఉన్నది −1/2, కుడి వైపు 1/2. రెండింటి వర్గాలూ సమానమే, సంఖ్యలు మాత్రం సమానం కావు. వర్గాలు సమానమైతే తేలేది పరమ మూల్యాలు సమానమని మాత్రమే. వర్గం చేసేటప్పుడు గుర్తు గురించిన సమాచారం పోతుంది. పోయిన సమాచారాన్ని వెనక్కి వచ్చేటప్పుడు మనకు నచ్చినట్టు పూరించుకోకూడదు.

అందుకే య² = 25 నుంచి నేరుగా ‘వర్గమూలం తీయగా య = ±5’ అని రాయించడం నాకు నచ్చదు. ± ఎక్కడి నుంచో ఊడిపడినట్టు ఉంటుంది. పిల్ల చేత ఒక్కసారైనా ఇలా రాయించండి: య² − 25 = 0, కాబట్టి (య − 5)(య + 5) = 0, కాబట్టి రెండు కారణాంకాల్లో ఏదో ఒకటి సున్నా. రెండు జవాబులు ఎందుకు వచ్చాయో అప్పుడు కళ్లకు కడుతుంది, మూడో జవాబు ఎందుకు లేదో కూడా తెలుస్తుంది.

దీనికి తిరగబడిన తప్పు ఒకటుంది, దాన్నీ చెప్పాలి. √య = య − 6 అనే సమీకరణం తీసుకోండి. రెండు వైపులా వర్గం చేస్తే య = య² − 12య + 36, అంటే య² − 13య + 36 = 0, అంటే (య − 9)(య − 4) = 0. జవాబులు 9, 4. మొదటి సమీకరణంలో 9 పెడితే √9 = 3, 9 − 6 = 3, సరిపోయింది. 4 పెడితే √4 = 2, 4 − 6 = −2, సరిపోలేదు. ఈ 4 ఎక్కడి నుంచి వచ్చింది? వర్గం చేసిన క్షణంలో √య = య − 6 అనే సమీకరణంతో పాటు −√య = య − 6 అనే మరో సమీకరణం కూడా లోపలికి వచ్చింది. రెండింటికీ వర్గం ఒకటే. 4 అనేది ఆ రెండోదాని జవాబు. √4 ను ±2 అనుకునే పిల్లలు ఇక్కడ 4 ను కూడా సరైన జవాబుగా ఉంచేస్తారు. కాబట్టి √ ఉన్న సమీకరణాన్ని వర్గం చేసి సాధిస్తే, వచ్చిన ప్రతి విలువనూ మొదటి సమీకరణంలో పెట్టి చూడటం మర్యాద కోసం చేసే పని కాదు, సాధనలో అదొక భాగం.

ఇక మీ రెండో ప్రశ్న. రెండు మూలాలు వచ్చాయి, ఋణ మూలాన్ని ఎప్పుడు వదిలేయాలి?

సమీకరణం దీనికి జవాబు చెప్పదు. లెక్కలోని మాటలే చెప్పాలి. ‘రెండు వరుస పూర్ణసంఖ్యల లబ్ధం 56, అవి ఏవి?’ అంటే 7, 8 ఒక జవాబు, −8, −7 ఇంకో జవాబు. రెండూ రాయాలి. అదే ప్రశ్నలో పూర్ణసంఖ్యలకు బదులు సహజ సంఖ్యలు అని ఉంటే మొదటి జత మాత్రమే. ఒక్క పదం మారితే జవాబు మారింది. ‘ఋణం వస్తే కొట్టేయాలి’ అని నేర్చుకున్న పిల్లలు ఈ మొదటి ప్రశ్నలో సగం జవాబు పోగొట్టుకుంటారు. ఆ అలవాటును నేర్పినవారి మీద నాకు నిజంగా కోపం. ఋణ సంఖ్య తప్పు సంఖ్య కాదు.

దీర్ఘచతురస్రాకారపు స్థలం లెక్క ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. పొడవు వెడల్పు కంటే 3 మీటర్లు ఎక్కువ, వైశాల్యం 40 చదరపు మీటర్లు. వెడల్పు య అనుకుంటే య(య + 3) = 40, మూలాలు 5, −8. వెడల్పు ఋణం కాదు కాబట్టి −8 ను వదిలేస్తాం. అది న్యాయమే. అయితే వదిలేసే ముందు ఒక్కసారి దాన్ని చూడండి. య = −8 అయితే య + 3 = −5. లబ్ధం 40 వచ్చింది. అవే 5, 8, గుర్తులు మారి, స్థానాలు మారి వచ్చాయి. సమీకరణానికి భూమి గురించి తెలియదు. 3 తేడాతో 40 లబ్ధం ఇచ్చే జతలన్నీ అది నిజాయితీగా ముందు పెట్టింది, వాటిలో స్థలానికి పనికొచ్చేది ఏరుకోవడం మన పని. జవాబు పత్రంలో ‘వెడల్పు ఋణ సంఖ్య కాదు కాబట్టి −8 ను తీసుకోము’ అని ఒక వాక్యం తప్పకుండా రాయించండి. ఏ కారణమూ చెప్పకుండా గీత కొట్టేస్తే దిద్దేవారికి పిల్ల తెలిసి వదిలిందో, మరిచిపోయిందో తెలియదు.

బంతి లెక్కలో ఇది ఇంకా బాగుంటుంది. 25 మీటర్ల ఎత్తున్న మేడ అంచు నుంచి ఒక బంతిని సెకనుకు 20 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరారు. గురుత్వ త్వరణాన్ని 10 గా తీసుకుంటే య సెకన్ల తర్వాత బంతి ఎత్తు 25 + 20య − 5య². నేలను ఎప్పుడు తాకుతుంది? ఎత్తును సున్నా చేసి, అయిదుతో భాగిస్తే య² − 4య − 5 = 0, మూలాలు 5, −1. జవాబు 5 సెకన్లు. మరి −1 ఏమిటి? విసరడానికి ఒక సెకను ముందు అని అర్థం. అప్పుడు బంతి చేతిలోనే ఉంది కాబట్టి మన లెక్కకు అది పనికిరాదు. కానీ మేడ మీద ఎవరూ లేరనుకోండి. ఒక సెకను ముందు నేల మీద నుంచే ఎవరో బంతిని పైకి విసిరారనుకోండి. ఆ క్షణంలో సూత్రం ప్రకారం వేగం 20 − 10 × (−1) = 30. అంటే నేల నుంచి సెకనుకు 30 మీటర్ల వేగంతో విసిరిన బంతి, ఒక సెకను తర్వాత మేడ అంచు దగ్గర సరిగ్గా 20 వేగంతో దాటుతుంది. అక్కడి నుంచి రెండు బంతుల ప్రయాణమూ ఒక్కటే. 5వ సెకనులో నేలను తాకే వేగం 20 − 50 = −30, అదే 30, దిశ మాత్రం కిందికి. ఋణ మూలం ఒక నిజమైన కదలికనే చెప్పింది. మనం అడిగిన కదలిక అది కాదు, అంతే.

మన పూర్వీకులు ఈ విషయంలో ఎంత స్పష్టంగా ఆలోచించారో పిల్లలకు చెప్పాల్సిన అవసరం ఉంది. బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ధన, ఋణ, శూన్య రాశుల మీద కూడిక, గుణకారాల నియమాలు ఇచ్చాడు. ఋణాన్ని ఋణంతో గుణిస్తే ధనమని అందులో ఉంది. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో జైన గణితజ్ఞుడు మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాశాడు. ధన, ఋణ రాశులు రెండింటి వర్గమూ ధనమేననీ, ఆ వర్గాల మూలాలు వరుసగా ధనం, ఋణం అవుతాయనీ, ఋణ రాశి స్వభావరీత్యా దేనికీ వర్గం కాదు కాబట్టి దానికి వర్గమూలం లేదనీ అందులో ఒక్క శ్లోకంలో చెప్పాడు. మీ అమ్మాయి ఇప్పుడు చదువుతున్న పాఠం మొత్తం అందులో ఉంది. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్ర గ్రంథాల చరిత్ర చెప్పుకుంటే తొలి వరుసలో నిలిచేది ఆయన పుస్తకమే.

మీ ప్రశ్నకు సూటిగా తగిలే చర్చ మాత్రం 1150 ప్రాంతంలో భాస్కరాచార్యుడు రాసిన బీజగణితంలో ఉంది. అక్కడ రెండు కోతుల లెక్కలు పక్కపక్కనే ఉంటాయి. మొదటిది: ఒక కోతుల గుంపులో ఎనిమిదో వంతు వర్గం ఎంతో అన్ని కోతులు అడవిలో ఆడుకుంటున్నాయి, మిగిలిన 12 కొండ మీద ఉన్నాయి. మొత్తం ఎన్ని? (య/8)² + 12 = య. సర్దితే య² − 64య + 768 = 0, అంటే (య − 32)² = 256. ఇక్కడ య − 32 అనేది 16 కావచ్చు, −16 కావచ్చు. మొత్తం 48 లేదా 16. సరిచూడండి: 48 లో ఎనిమిదో వంతు 6, దాని వర్గం 36, 12 కలిపితే 48. 16 లో ఎనిమిదో వంతు 2, వర్గం 4, 12 కలిపితే 16. రెండూ సరైనవే, భాస్కరుడు రెండింటినీ ఒప్పుకున్నాడు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వర్గమూలాన్ని ఋణంగా తీసుకోవడం వల్ల వచ్చిన జవాబు ఋణం కాలేదు, 16 అనే మంచి ధన సంఖ్య అయింది. ‘కోతులు ఋణం కావు కాబట్టి −16 ను వదిలేద్దాం’ అని ఎవరైనా మధ్యలోనే గీత కొట్టేస్తే ఒక సరైన జవాబు పోతుంది. వదిలేయాలా వద్దా అని చూడాల్సింది య దగ్గర, మధ్యలో వచ్చిన మూలం దగ్గర కాదు. పిల్లలు చేసే తప్పుల్లో నేను ఎక్కువగా చూసింది ఇదే.

రెండో లెక్క: గుంపులో అయిదో వంతు నుంచి మూడు తీసేసి, వచ్చినదాన్ని వర్గం చేస్తే ఎంతో అన్ని కోతులు గుహలోకి వెళ్లాయి. ఒక్క కోతి కొమ్మ ఎక్కి కనిపిస్తోంది. మొత్తం ఎన్ని? (య/5 − 3)² + 1 = య. ఇది య² − 55య + 250 = 0 అవుతుంది, మూలాలు 50, 5. రెండూ ధన సంఖ్యలే. రెండూ సమీకరణాన్ని తృప్తిపరుస్తాయి. కానీ భాస్కరుడు 5 ను ఒప్పుకోలేదు. ఎందుకంటే 5 లో అయిదో వంతు 1, అందులోంచి మూడు తీస్తే −2. దాని వర్గం 4, ఒకటి కలిపితే 5, అంకెలు కుదిరాయి. అయితే ఒక కోతిలోంచి మూడు కోతులను తీయడం అనేది ఉండదు. చేతికి కనిపించే వస్తువులు ఋణమయ్యాయంటే లోకం నమ్మదని ఆయన కారణం చెప్పాడు. ఎంత జాగ్రత్త చూడండి. చివరి జవాబు ధనమైనంత మాత్రాన సరిపోదు, లెక్కలో చెప్పిన ప్రతి అడుగూ ఆ జవాబుతో అర్థవంతంగా నడవాలి. ఇదే లెక్కను ‘మూడింటిలోంచి అయిదో వంతు తీసేసి’ అని తిరగేసి చెప్పి ఉంటే సమీకరణం ఒక్క అక్షరం కూడా మారదు, వర్గం అదే. కానీ అప్పుడు 5 సరైన జవాబు అవుతుంది (3 − 1 = 2), 50 తప్పు జవాబు అవుతుంది (3 − 10 = −7). సమీకరణం ఒక్కటే, మాటలు తీర్పును తారుమారు చేశాయి. నా మట్టుకు వర్గ సమీకరణాల పాఠాన్ని ఈ రెండు కోతుల లెక్కలతోనే మొదలుపెట్టాలి. ఉచ్చారణకే కష్టమైన సూత్రంతో మొదలుపెట్టి, చివరి పేజీలో మాటల లెక్కలు ఇచ్చి వదిలేస్తే మీ అమ్మాయికి వచ్చిన సందేహమే అందరికీ వస్తుంది.

ఋణ మూలాన్ని తొందరపడి వదిలేయకపోవడం వల్ల భౌతికశాస్త్రంలో ఏం జరిగిందో కూడా చెప్పనివ్వండి. ఐన్‌స్టయిన్ సాపేక్షతా సిద్ధాంతంలో ఒక కణం శక్తి నేరుగా రాదు, దాని వర్గం వస్తుంది. శక్తి వర్గం రెండు ధన రాశుల మొత్తం, ఒకటి ద్రవ్యవేగానికి, మరొకటి ద్రవ్యరాశికి చెందినది. శక్తి కావాలంటే వర్గమూలం తీయాలి, తీస్తే ధనమూ ఋణమూ రెండూ వస్తాయి. అంతవరకు ఋణాన్ని పక్కన పెట్టడానికి మంచి కారణమే ఉంది. ధన శక్తి విలువలకూ ఋణ శక్తి విలువలకూ మధ్య ఒక ఖాళీ ఉంది, పాత యాంత్రికశాస్త్రంలో శక్తి క్రమంగానే మారుతుంది కాబట్టి కణం ఆ ఖాళీని దాటలేదు. క్వాంటం సిద్ధాంతంలో ఆ భరోసా లేదు, కణం ఒక స్థాయి నుంచి మరో స్థాయికి దూకగలదు. 1928లో పాల్ డిరాక్ ఎలక్ట్రాన్‌కు సమీకరణం రాసినప్పుడు ఋణ శక్తి సాధనలు అందులోకి వచ్చి కూర్చున్నాయి. వాటిని తీసేయడానికి కారణం దొరకలేదు. వాటికి అర్థం వెతుక్కుంటూ వెళ్లి, ఎలక్ట్రాన్ అంత ద్రవ్యరాశితో, వ్యతిరేక విద్యుదావేశంతో ఒక కణం ఉండాలని 1931లో ప్రతిపాదించాడు. మరుసటి ఏడాది, 1932లో, అమెరికాలో కార్ల్ ఆండర్సన్ కాస్మిక్ కిరణాల ఛాయాచిత్రాల్లో ఆ కణం జాడ చూశాడు. దాన్నే పాజిట్రాన్ అంటున్నాం. స్థలం వెడల్పు ఋణం కాదని చెప్పడానికి మన దగ్గర కారణం ఉంది కాబట్టి −8 ను వదిలేశాం. ఇక్కడ కారణం లేదు కాబట్టి వదల్లేదు. రెండు చోట్లా పాటించింది ఒకే నియమం.

కొన్ని చోట్ల ఈ ఎంపిక నిర్వచనంలోనే జరిగిపోయి ఉంటుంది, అక్కడ ఆలోచించాల్సిన పని లేదు. గణాంకశాస్త్రంలో క్రమ విచలనం (స్టాండర్డ్ డీవియేషన్) అంటే విస్తృతి (వేరియన్స్) యొక్క ధన వర్గమూలం. రెండు బిందువుల మధ్య దూరం కూడా అంతే. కాలిక్యులేటర్ గానీ కంప్యూటర్ గానీ వర్గమూలం అడిగితే ధన విలువ ఒక్కటే ఇస్తుంది. రెండోది కావాలంటే మనమే గుర్తు మార్చుకోవాలి. ఘనమూలానికి వాస్తవ సంఖ్యల్లో ఈ తకరారే లేదు: 8 కి 2, −8 కి −2, ఒక్కొక్కటే.

మీ అమ్మాయి వచ్చే ఏడాది ఇంటర్‌లో గణితం తీసుకుంటే సంకీర్ణ సంఖ్యలు వస్తాయి. అక్కడ ఈ కథ కొత్త మలుపు తిరుగుతుంది కాబట్టి ముందే హెచ్చరిస్తున్నాను. వర్గం చేస్తే −1 వచ్చే సంఖ్యను ‘ఐ’ అంటారు. దానికి జతగా −ఐ కూడా ఉంది, దాని వర్గమూ −1 నే. ఈ రెండింట్లో ఏది ధనం? ఏదీ కాదు. వాస్తవ సంఖ్యల్లో 5 కూ −5 కూ నిజమైన తేడా ఉంది. 5 మరో వాస్తవ సంఖ్యకు వర్గం, −5 కాదు. గుణకారమే ఆ రెండింటినీ వేరుచేసి చూపిస్తుంది. ఐ, −ఐ ల మధ్య అలాంటి తేడా చూపించే కూడిక గానీ గుణకారం గానీ లేదు. ప్రపంచంలోని పుస్తకాలన్నింటిలో ఐ ఉన్న చోటల్లా −ఐ రాసి, −ఐ ఉన్న చోట ఐ రాసినా ఒక్క సిద్ధాంతం కూడా తప్పు కాదు. మనం ఒకదాన్ని ఐ అని పిలిచాం, అంతే.

కాబట్టి ఋణ సంఖ్యల మీద √ గుర్తు పెట్టినప్పుడు, ధన సంఖ్యల దగ్గర నమ్ముకున్న √క × √గ = √(కగ) అనే నియమం పనిచేయదు. √(−4) × √(−9) ను ఆ నియమంతో కలిపేస్తే √36 = 6 వస్తుంది, అది తప్పు. √(−4) ను 2ఐ అనీ, √(−9) ను 3ఐ అనీ ముందు మార్చుకోవాలి. అప్పుడు లబ్ధం 6ఐ², అంటే −6. ముందు ఐ బయటికి తీయడం, ఆ తర్వాతే గుణించడం. ఈ క్రమాన్ని మొదటి రోజే పట్టుకుంటే ఆ అధ్యాయంలో సగం తప్పులు రావు.